జీటీఏ 6 పీసీకి వస్తే ఏ స్టోర్లలో దొరుకుతుంది? హైదరాబాద్ గేమర్ల అంచనాలు

#1 నల్లకుంట_ప్లేయర్

అందరికీ నమస్తే. జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6) ట్రైలర్ల గురించి, మ్యాప్ గురించి, కథలో ముఖ్య పాత్రలు లూసియా, జేసన్‌ల గురించి ఇప్పటికే చాలా మాట్లాడుకున్నాం. ఈ థ్రెడ్‌లో ఒక్క విషయమే తేల్చుకుందాం: ఈ గేమ్‌ని మనం ఏ డిజిటల్ స్టోర్‌లో కొనబోతున్నాం?

ఖాయంగా తెలిసింది ఇంతే. గేమ్ తయారుచేసే రాక్‌స్టార్ చివరిగా ప్రకటించిన తేదీ 2026 నవంబర్ 19. ప్రకటించిన మెషీన్లు పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్. ఆ రోజు డౌన్‌లోడ్ చేసుకోవాలంటే ప్లేస్టేషన్ స్టోర్ లేదా ఎక్స్‌బాక్స్ స్టోర్. రెండింట్లోనూ విష్‌లిస్ట్ పేజీలు ఉన్నాయి. పీసీ మాట మాత్రం ఎక్కడా లేదు. ఇక్కడ ఎక్కువమంది పీసీ వాళ్లమే కాబట్టి అసలు చర్చంతా దాని మీదే.

నా అంచనా: పీసీ వెర్షన్ వచ్చిన మొదటి రోజే స్టీమ్‌లో (వాల్వ్ కంపెనీ నడిపే పీసీ గేముల స్టోర్) ఉంటుంది. ఎందుకో తర్వాత రాస్తా, ముందు మీ మాట చెప్పండి. ఒక మనవి. యూట్యూబ్ థంబ్‌నెయిల్ చూసి "లీక్ అయిపోయింది" అని పెట్టకండి. పాత విడుదలలు ఎలా జరిగాయో, కంపెనీ ఏం చెప్పిందో చూసి రాయండి.

#2 కేపీహెచ్‌బీ_కంట్రోలర్

స్టోర్ కంటే ముందు ఆలస్యం సంగతి చూడాలి అన్నా. జీటీఏ శాన్ ఆండ్రియాస్ 2004 అక్టోబర్‌లో పీఎస్2కి వచ్చింది, పీసీకి 2005 జూన్. జీటీఏ 4 కన్సోల్స్‌కి 2008 ఏప్రిల్, పీసీకి అదే ఏడాది డిసెంబర్. అక్కడిదాకా ఏడెనిమిది నెలల్లో అయిపోయేది. జీటీఏ 5 దగ్గర లెక్క మారిపోయింది: 2013 సెప్టెంబర్‌లో వచ్చిన గేమ్ పీసీకి చేరేసరికి 2015 ఏప్రిల్. 19 నెలలు! రాక్‌స్టార్‌దే ఇంకో గేమ్ రెడ్ డెడ్ 2కి ఏడాది పైన కొన్ని రోజులు పట్టింది.

అందుకని నవంబర్ తేదీ నిలబడినా, 2027 చివరి దాకా పీసీ మీద నేనైతే ఆశ పెట్టుకోను.

#3 అంబర్‌పేట్_అర్ధరాత్రి

2027 చివరంటే నా వల్ల కాదు. ఆ లోపు కథ మొత్తం రీల్స్‌లోనే చూపించేస్తారు. నేను పీఎస్5 కొనేస్తున్నా.

#4 సీటీసీ_పక్కసందు

స్టీమ్ మొదటి రోజు అని అంత ధీమాగా ఎలా చెప్తున్నావ్ నల్లకుంటా? రెడ్ డెడ్ 2 గుర్తు తెచ్చుకో.

పీసీకి 2019 నవంబర్ 5న వచ్చింది. ఆ రోజు రాక్‌స్టార్ సొంత లాంచర్‌లో (గేములు కొని, తెరిచే యాప్) ఉంది, ఎపిక్ స్టోర్‌లో ఉంది, కీలు (గేమ్ యాక్టివేట్ చేసే కోడ్లు) అమ్మే కొన్ని అధికారిక సైట్లలో ఉంది. స్టీమ్‌లో లేదు. అక్కడికి డిసెంబర్ 5న వచ్చింది, సరిగ్గా నెల తర్వాత. ఇంకోటి గమనించు. ఆ లాంచర్ పుట్టిందే అదే ఏడాది సెప్టెంబర్‌లో. ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకి శాన్ ఆండ్రియాస్ ఉచితంగా ఇచ్చారు. అప్పుడు మనమంతా ఫ్రీగా వచ్చిందని సంబరపడ్డాం. వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు: ముందు లాంచర్‌ని జనాల పీసీల్లోకి ఎక్కించారు, రెండు నెలలు తిరక్కుండా పెద్ద గేమ్‌ని అక్కడ అమ్మకానికి పెట్టారు.

మూడు పాత జీటీఏ గేముల్ని మెరుగుపరిచి అమ్మిన ట్రిలజీ రీమాస్టర్ సంగతి ఇంకా స్పష్టం. 2021 నవంబర్‌లో పీసీకి రాక్‌స్టార్ లాంచర్ ఒక్కటే దిక్కు. విడుదలైన వెంటనే ఆ లాంచర్ ఆగిపోయింది, డబ్బులు కట్టినవాళ్లు కూడా రోజుల తరబడి ఆడలేకపోయారు. స్టీమ్‌కి 2023 జనవరిలో వచ్చింది.

నా ఓటు: మొదటి రోజు రాక్‌స్టార్ లాంచర్, ఎపిక్. స్టీమ్‌కి నెల నుంచి మూడు నెలలు.

#5 రామంతాపూర్_రీలోడ్

సీటీసీ గారు చెప్పింది నాకూ నిజమనిపిస్తోంది. పెద్ద గేమ్ కోసం జనం ఏ స్టోర్‌కైనా వస్తారని వాళ్లకి తెలుసు. 2020 మేలో ఎపిక్ జీటీఏ 5ని ఉచితంగా ఇచ్చినప్పుడు సైట్ గంటల తరబడి కుప్పకూలింది కదా. మా కజిన్స్‌లో సగం మందికి ఎపిక్ అకౌంట్ ఉందంటే ఆ ఒక్క గురువారం వల్లే.

#6 నల్లకుంట_ప్లేయర్

సీటీసీ అన్నా, నువ్వు చెప్పిన తేదీలన్నీ కరెక్టే. కానీ అవి 2019, 2021 నాటివి. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూద్దాం.

మొదటి రెడ్ డెడ్ రిడెంప్షన్ పీసీకి 2024 అక్టోబర్ 29న వచ్చింది. స్టీమ్, ఎపిక్, రాక్‌స్టార్ స్టోర్, మూడింట్లోనూ ఒకే రోజు. జీటీఏ 5 మెరుగుపరిచిన వెర్షన్ ఎన్‌హాన్స్‌డ్ 2025 మార్చి 4న వచ్చింది. పాత వెర్షన్ ఎక్కడ కొన్నా అదే రోజు ఉచితంగా అందింది. ఆ తర్వాతి నెలలో అది మైక్రోసాఫ్ట్ సబ్‌స్క్రిప్షన్ పీసీ గేమ్ పాస్‌లో కూడా చేరింది.

రాక్‌స్టార్‌ని పక్కన పెట్టి మాతృసంస్థ టేక్-టూని చూడు. బోర్డర్‌ల్యాండ్స్ 3ని 2019 సెప్టెంబర్‌లో ఎపిక్‌కి ఇచ్చి, స్టీమ్ వాళ్లని ఆరు నెలలు కూర్చోబెట్టారు. అదే సిరీస్‌లో నాలుగోది 2025 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు స్టీమ్, ఎపిక్ రెండింట్లో ఒకేసారి. సివిలైజేషన్ 7 కూడా అంతే.

వాళ్లేమీ మంచితనంతో మారలేదు. స్టీమ్‌లో ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్ల సంఖ్య 2025 మార్చిలో 4 కోట్లు దాటింది. అంతమంది తిరిగే చోట కొట్టు మూసేసి, పక్క వీధిలో ఎవరు అమ్ముతారు?

#7 సీటీసీ_పక్కసందు

నువ్వు చెప్పినవన్నీ పాత గేముల పీసీ పోర్టులు, అప్‌గ్రేడ్‌లు తమ్ముడూ. పద్నాలుగేళ్ల కిందటి రెడ్ డెడ్ కోసం ఎవడూ కొత్త లాంచర్ పెట్టుకోడు, అందుకే అన్నిచోట్లా పెట్టారు. జీటీఏ 6 కోసం మాత్రం ఏ లాంచర్ అయినా పెట్టుకుంటారు. ఆ బలం చేతిలో ఉన్నప్పుడు స్టీమ్‌కి కమీషన్ ఎందుకు కడతారు?

#8 మౌలాలి_మోడర్

కమీషన్ మాట వచ్చింది కాబట్టి లెక్క వేద్దాం. ఇలాంటి చర్చల్లో "స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది" అని అందరూ రాస్తారు. జీటీఏ స్థాయి గేమ్‌కి అది వర్తించదు. 2018 చివర్లో వాల్వ్ రూల్ మార్చింది. ఒక గేమ్ స్టీమ్‌లో చేసిన అమ్మకం కోటి డాలర్లు దాటేదాకా 30 శాతం, అక్కడి నుంచి 5 కోట్ల డాలర్ల దాకా 25, ఆ పైన వచ్చే ప్రతి రూపాయికీ 20 శాతమే. ఎపిక్‌ది మొదటి నుంచి 12.

గేమ్ ధర మన దగ్గర ₹5,000 అనుకుందాం. ఇది అంచనా మాత్రమే, ప్రకటించిన ధర కాదు. మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ మీద 18 శాతం జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది దాదాపు ₹4,237. స్టీమ్ 20 శాతం అంటే ₹847. ఎపిక్ 12 శాతం అంటే ₹508. సొంత లాంచర్‌లో అయితే కార్డు, యూపీఐ లాంటి చెల్లింపు ఖర్చులే. అంటే స్టీమ్‌కీ ఎపిక్‌కీ మధ్య తేడా కాపీకి ₹339.

70 డాలర్ల గేమ్ అయితే 5 కోట్ల డాలర్లు చేరడానికి దాదాపు 7 లక్షల కాపీలు చాలు. జీటీఏ 5 అన్ని మెషీన్లలో కలిపి 20 కోట్ల కాపీలు దాటింది. ఇలాంటి గేమ్‌కి స్టీమ్‌లో ఆ గీత దాటడం పెద్ద పని కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కాపీకి మూడు వందల చిల్లర మిగుల్చుకోవడానికి స్టీమ్ వాళ్లని మూడు నెలలు ఆపుతారా? ఆ మూడు నెలల్లో కొందరు విసిగిపోయి సేల్ దాకా ఆగుతారు. మిగుల్చుకున్నదంతా ఆ ఒక్క డిస్కౌంట్‌లోనే పోతుంది. నేను నల్లకుంట వైపు.

#9 కేపీహెచ్‌బీ_కంట్రోలర్

ఈ లెక్క చాలా బాగుంది మౌలాలి భాయ్. సేవ్ చేసి పెట్టుకున్నా.

#10 రామంతాపూర్_రీలోడ్

ఎపిక్ డబ్బిచ్చి ఎక్స్‌క్లూజివ్ కొనుక్కుంటే? అలన్ వేక్ 2 ఇప్పటికీ పీసీలో ఎపిక్ తప్ప ఇంకెక్కడా లేదు. మెట్రో ఎక్సోడస్‌ని అయితే 2019లో విడుదలకి కొన్ని వారాల ముందు స్టీమ్ నుంచి ఎపిక్‌కి మార్చేశారు.

#11 మౌలాలి_మోడర్

అలన్ వేక్ 2 తయారీకి పెట్టుబడి పెట్టిందే ఎపిక్ అక్కా. పబ్లిషర్ వాళ్లే. వాళ్ల డబ్బుతో తయారైన గేమ్ వాళ్ల స్టోర్‌లోనే ఉండటం న్యాయమే. జీటీఏ 6కి ఇంకొకరి పెట్టుబడి అక్కర్లేదు. జీటీఏ 5 మొదటి మూడు రోజుల్లోనే 100 కోట్ల డాలర్ల అమ్మకం చేసింది. ఆ సిరీస్‌ని ఆపి పెట్టగలిగినంత చెక్కు రాయాలంటే ఎపిక్‌కి కూడా కష్టమే.

#12 అంబర్‌పేట్_అర్ధరాత్రి

గేమ్ పాస్‌లో మొదటి రోజు వచ్చే ఛాన్స్ ఉందా? అలా అయితే పీఎస్5 మానేసి సిరీస్ ఎస్ తీసుకుంటా.

#13 నల్లకుంట_ప్లేయర్

ఆ ఆశతో మాత్రం ఏ మెషీనూ కొనకు తమ్ముడూ. కొత్త పెద్ద గేమ్‌ని విడుదల రోజే సబ్‌స్క్రిప్షన్‌లో పెట్టడం తమకు గిట్టుబాటు కాదని టేక్-టూ అధిపతి స్ట్రాస్ జెల్నిక్ చాలాసార్లు చెప్పారు. జీటీఏ 5 గేమ్ పాస్‌లోకి వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. అదంతా గేమ్ పాతబడ్డాకే.

పీఎస్5 తీసుకుంటే డిస్క్ ఉన్నదా, డిజిటల్ ఎడిషనా అనేది ముందే ఆలోచించుకో. డిజిటల్ తీసుకుంటే నీకు ఇక ఒకటే కొట్టు, వాళ్లు చెప్పిందే రేటు.

#14 పాత_డిస్కుల_పెట్టె

ఈ థ్రెడ్ మొదటి నుంచీ చదువుతున్నా. మీరంతా నాకంటే చిన్నవాళ్లలా ఉన్నారు. డిస్క్ మాట వచ్చింది కాబట్టి నాలుగు ముక్కలు రాస్తాను.

మా తరం పాత జీటీఏ వైస్ సిటీ ఆడింది కోఠి ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కవర్లో అమ్మిన సీడీతో, లేకపోతే ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత ఇచ్చి. చీట్ కోడ్లు కెమిస్ట్రీ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకునేవాళ్లం. అప్పుడు ఒరిజినల్ ఎక్కడ దొరుకుతుందో తెలీదు, తెలిసినా కొనే స్తోమత లేదు. అందుకే ఉద్యోగం వచ్చాక జీటీఏ 5 పీసీకి పెట్టెలో ఒరిజినల్ కొనుక్కున్నాను. లోపల 7 డీవీడీలు. ఒక్కోటీ పెట్టడం, బార్ చివరిదాకా వెళ్లడం చూడటం, ట్రే తెరుచుకోగానే తర్వాతిది పెట్టడం. ఆఖరి డీవీడీ అయ్యాక కూడా అప్‌డేట్ దింపుకోవాలి, రాక్‌స్టార్ అకౌంట్‌తో కీ యాక్టివేట్ చేయాలి. ఒకసారి కీ వాడేశాక ఆ ఏడు డీవీడీలూ ఎవరికిచ్చినా పనికిరావు. పెట్టె ఉన్నా కొన్నది డిజిటలే అన్నమాట.

కాబట్టి స్టీమా, ఎపిక్కా అని మీరు వాదించుకుంటుంటే నాకు వేరే భయం ఉంది. కొన్న గేమ్ కొన్నట్టే ఉంటుందా అని. జీటీఏ 4లో లైసెన్స్ గడువు అయిపోయిందని 2018లో చాలా పాటలు తీసేశారు. గేమ్‌లోని రేడియో వ్లాడివోస్టాక్ ఎఫ్‌ఎం పెట్టుకుని లిబర్టీ సిటీలో తిరిగినవాళ్లకి ఆ బాధ తెలుస్తుంది. 2020 మొదట్లో ఆ గేమ్‌నే స్టీమ్‌లో అమ్మడం ఆపేశారు. ఆ గేమ్ వాడే మైక్రోసాఫ్ట్ పాత విండోస్ లైవ్ సర్వీస్‌కి కొత్త కీలు పుట్టించడం కుదరకపోవడమే కారణం. రెండు నెలల తర్వాత, మార్చిలో, మల్టీప్లేయర్ లేకుండా తిరిగొచ్చింది. 2021లో ట్రిలజీ రీమాస్టర్ వస్తుందనగా అసలైన మూడు పాత గేముల్నీ స్టోర్ల నుంచి తీసేశారు. జనం గోల పెడితే, రీమాస్టర్ కొన్నవాళ్లకి తమ సొంత స్టోర్‌లో మళ్లీ ఇచ్చారు.

ముందే కొన్నవాళ్ల లైబ్రరీలో అవన్నీ ఉన్నాయి, అది ఒప్పుకుంటాను. అందుకే నా సలహా ఒక్కటే. ఎన్నేళ్లయినా లైబ్రరీని జాగ్రత్తగా ఉంచిన చరిత్ర ఉన్న స్టోర్‌లో కొనండి. ఆ లెక్కన నేను స్టీమ్‌కే ఓటేస్తా, నెల ఆలస్యమైనా సరే.

#15 కేపీహెచ్‌బీ_కంట్రోలర్

పెట్టె అన్నా, అంత భయం ఉంటే గాగ్ స్టోర్ బెటర్ కదా? ఇన్‌స్టాలర్ మన హార్డ్‌డిస్క్‌లోనే దాచుకోవచ్చు.

#16 పాత_డిస్కుల_పెట్టె

నాకూ అదే కావాలి తమ్ముడూ, నా దగ్గర గాగ్‌లో చాలా గేములున్నాయి. కానీ గాగ్‌లో పెట్టాలంటే కాపీ లాక్ లేకుండా ఇవ్వాలి. ఆన్‌లైన్ మోడ్ మీద బతికే రాక్‌స్టార్ దానికి ఒప్పుకుంటుందని ఏ కోశానా అనుకోను.

#17 మౌలాలి_మోడర్

స్టీమ్‌లో కొన్నా, ఎపిక్‌లో కొన్నా చివరికి తెరుచుకునేది రాక్‌స్టార్ లాంచరే. రెడ్ డెడ్ 2 ఇప్పటికీ అంతే: స్టీమ్‌లో ప్లే నొక్కితే అది లాంచర్‌ని లేపుతుంది, అది రాక్‌స్టార్ అకౌంట్ అడుగుతుంది, అప్పుడు గేమ్ మొదలవుతుంది. ఆన్‌లైన్ క్యారెక్టర్ కూడా రాక్‌స్టార్ అకౌంట్‌కే అంటుకుని ఉంటుంది. అందుకే లాంచర్ వద్దు అనుకునేవాళ్లు స్టీమ్ కోసం ఆగి ప్రయోజనం లేదు. స్టీమ్‌లో మనకు దక్కేవి రీఫండ్, సేల్స్, రివ్యూలు, కంట్రోలర్ సపోర్ట్.

నాకు మాత్రం స్టోర్ కంటే రోల్‌ప్లే ముఖ్యం. జీటీఏ 5లో తెలుగువాళ్ల ఆర్పీ (రోల్‌ప్లే) సర్వర్లు చూశారుగా. ఒకడు ఆటో నడుపుతాడు, ఒకడు ఎస్సై, ఇంకొకడు బిర్యానీ హోటల్ ఓనర్, మాటలన్నీ మన యాసలో. అదంతా ఫైవ్‌ఎం అనే మోడ్ మీద నడుస్తుంది. ఆ ఫైవ్‌ఎం టీమ్‌ని 2023 ఆగస్టులో రాక్‌స్టారే తనలో కలుపుకుంది. ఫైవ్‌ఎంకి స్టీమ్, ఎపిక్, రాక్‌స్టార్ ఏ కాపీ అయినా ఒకటే. రేపు జీటీఏ 6లో కూడా ఇలాగే ఉంటే, స్నేహితుల్లో ఒకడు ఎపిక్‌లో, ఇంకొకడు స్టీమ్‌లో కొన్నా ఒకే సర్వర్లో కలవొచ్చు. నేను మనసారా కోరుకునేది ఇదే.

#18 రామంతాపూర్_రీలోడ్

+1. ఆర్పీ చూస్తూనే నేను ఈ గేమ్‌లోకి వచ్చాను. మా ఆయనకి కథ కావాలి, నాకు ఆర్పీ కావాలి. ఇద్దరికీ రెండు కాపీలు కొనాలి కాబట్టి మాకు ధర ముఖ్యం. రూపాయల్లో ఎంత ఉండొచ్చు?

#19 టోలిచౌకి_టర్బో

అక్కా, ధర మీద నేను కొంచెం చెప్తా. స్టీమ్‌లో రూపాయల్లో ధరలు 2015 చివర్లో మొదలయ్యాయి. రెడ్ డెడ్ 2 పీసీ ధర మన దగ్గర ₹3,199 పెట్టారు, 60 డాలర్ల గేమ్‌కి అది తక్కువే. ప్లేస్టేషన్‌లో 70 డాలర్ల గేములు మనకి సాధారణంగా ₹4,999. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ పీఎస్5కి అదే రేటు. అందుకే పీసీకి ₹4,000 నుంచి ₹5,000 మధ్య అనుకుంటున్నా. మీరు రెండు కాపీలంటున్నారు కాబట్టి ఒకటి మొదటి రోజు, రెండోది మొదటి పెద్ద సేల్‌లో తీసుకోండి.

ఏ స్టోర్ అయినా రీఫండ్ రూల్ ముందే చదువుకోండి. స్టీమ్, ఎపిక్ రెండింట్లోనూ కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటల లోపుంటే డబ్బు వెనక్కి వస్తుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజులున్నా, డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే మామూలుగా అంతే సంగతులు. పీసీ వాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. మన మెషీన్ మీద గేమ్ నడుస్తుందో లేదో కొన్నాకే తెలుస్తుంది. జీటీఏ 6 ట్రైలర్ పీఎస్5లోనే తీశామన్నారు, అలాంటి గ్రాఫిక్స్ మన పాత కార్డులు ఎలా లాగుతాయో చూడాలి. ఆ రెండు గంటల్లో కథ చూడకండి, ముందు సెట్టింగ్స్ పెట్టి సిటీలో ఒక రౌండ్ వేయండి.

#20 సీటీసీ_పక్కసందు

కార్డుల మాట వచ్చింది కాబట్టి, షాపు వైపు నుంచి చెప్తున్నా. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, ఏఐ సర్వర్లకే సరుకంతా పోతోంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల్లో పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండట్లేదు. ఈ గేమ్ కోసమని ఇప్పుడే కొత్త పీసీ కట్టించుకోవద్దని మా దగ్గరికి వచ్చే పిల్లలకి నేనే చెప్తున్నా. పీసీ వెర్షన్ తేదీ వచ్చాక, సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ చూసి కట్టించుకోండి. నా బేరం పోయినా పర్లేదు.

#21 రెండో_షిఫ్ట్

డౌన్‌లోడ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రెడ్ డెడ్ 2కే 150 జీబీ ఖాళీ కావాలన్నారు. జీటీఏ 6 అంతకంటే తగ్గదు. 150 జీబీ అనుకున్నా, 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో ఆపకుండా నడిస్తే 8 గంటల పైనే. 100లో దాదాపు మూడున్నర. మా వీధిలో వర్షం పడితే కేబుల్ పోతుంది, కాబట్టి నేను దానికి రెట్టింపు వేసుకుంటా. అందుకే నాకు ప్రీలోడ్ ఇచ్చే స్టోర్ కావాలి. కన్సోల్స్‌లో పెద్ద గేములకి విడుదలకి ముందే దింపుకునే వీలు మామూలే. పీసీలో కూడా అన్ని స్టోర్లలో ఒకే రోజు ప్రీలోడ్ తెరిస్తేనే న్యాయం. లేదంటే స్పాయిలర్లు చూడకుండా బయటపడటం అసాధ్యం.

#22 అంబర్‌పేట్_అర్ధరాత్రి

విడుదల రోజు స్టోర్లే కూలిపోతే? సిల్క్‌సాంగ్ గేమ్ వచ్చిన రోజు నేను సాయంత్రమంతా రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా.

#23 నల్లకుంట_ప్లేయర్

అవును, 2025 సెప్టెంబర్ 4. చిన్న టీమ్ చేసిన 20 డాలర్ల గేమ్‌కే స్టీమ్‌తో పాటు కన్సోల్ స్టోర్లూ తడబడ్డాయి. జీటీఏ 6 రోజు ఏం జరుగుతుందో ఊహించు. అందుకే నా వాదనకి ఇంకో కారణం కలుపుతున్నా: అంత రద్దీని ఒక్క రాక్‌స్టార్ లాంచర్ మీద వేసే ధైర్యం వాళ్లకి ఉండకూడదు. ట్రిలజీకే ఆగిపోయింది కదా. మూడు నాలుగు స్టోర్లకి పంచితే డౌన్‌లోడ్ భారం వాళ్ల మీదే పడదు.

#24 సీటీసీ_పక్కసందు

ఇది మాత్రం గట్టి పాయింట్. కొంచెం మెత్తబడుతున్నా. నా అంచనా మార్చుకుంటున్నా: మొదటి రోజు రాక్‌స్టార్, ఎపిక్, స్టీమ్ మూడూ. కానీ సొంత స్టోర్‌లో కొన్నవాళ్లకే ఏదో బోనస్ ఇస్తారు, ఆన్‌లైన్ డబ్బులో, కారో. రెడ్ డెడ్ 2 అప్పుడు కూడా లాంచర్‌లో ముందే కొన్నవాళ్లకి రెండు పాత గేములు ఉచితంగా ఇచ్చారు.

#25 టోలిచౌకి_టర్బో

ఇంకో విషయం, కొత్తవాళ్లు తప్పక చదవండి. "వీపీఎన్ పెట్టి టర్కీ అకౌంట్ తీసుకో, సగం రేటుకే వస్తుంది" అని ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. 2023 నవంబర్‌లోనే స్టీమ్ టర్కీ, అర్జెంటీనా ధరల్ని డాలర్లలోకి మార్చేసింది. ఆ దారి మూసుకుపోయింది, పైగా అకౌంట్ లాక్ అయ్యే ప్రమాదం. ఎక్కడివో తెలియని కీలు అమ్మే సైట్ల జోలికి కూడా పోకండి. దొంగ కార్డుతో కొన్న కీ అయితే తర్వాత రద్దవుతుంది, మీ డబ్బు గాల్లో కలుస్తుంది.

#26 వేదిక_నిర్వాహణ

టోలిచౌకి గారు చెప్పింది నిజం. ఈ థ్రెడ్‌లో రెండు కీ అమ్మకం లింకులు తీసేశాం. మళ్లీ పెడితే అకౌంట్ ఆపేస్తాం. చర్చ కొనసాగించండి.

#27 కేపీహెచ్‌బీ_కంట్రోలర్

స్టీమ్ డెక్ (చేతిలో పట్టుకుని ఆడే వాల్వ్ మెషీన్) ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను అమెరికా నుంచి తెప్పించుకున్నా, మన దగ్గర అధికారికంగా అమ్మట్లేదు కదా. స్టీమ్‌లో కొంటే డెక్‌లో ఆడొచ్చని ఆశ.

#28 మౌలాలి_మోడర్

కథ వరకు ఆశ పెట్టుకో బ్రో, ఆన్‌లైన్ మీద వద్దు. 2024 సెప్టెంబర్‌లో జీటీఏ ఆన్‌లైన్‌కి మోసాల్ని పట్టే బాటిల్‌ఐ సాఫ్ట్‌వేర్ పెట్టగానే డెక్‌లో ఆన్‌లైన్ ఆగిపోయింది. కథ మోడ్ ఇప్పటికీ నడుస్తోంది. ఆ నిర్ణయం మారకపోతే 6లో కూడా అదే పరిస్థితి.

#29 గౌలిగూడ_గేమ్‌ప్యాడ్

కొత్తగా చేరాను. డిగ్రీ ఫస్ట్ ఇయర్. నెలకి కొంత మిగుల్చుకుంటున్నా. ఆ డబ్బుని ఇప్పటి నుంచే స్టీమ్ వాలెట్‌లో వేసుకుంటే మంచిదా అన్నా? ఖర్చయిపోకుండా ఉంటుంది కదా.

#30 నల్లకుంట_ప్లేయర్

స్వాగతం తమ్ముడూ. నేను స్టీమ్ మొదటి రోజే అని ఎంత నమ్ముతున్నా, నీ డబ్బుతో మాత్రం ఆ పందెం వేయొద్దనే చెప్తా. వాలెట్‌లో వేసినది వాడకపోయినా 14 రోజులు దాటాక వెనక్కి రాదు. రేపు సీటీసీ అన్న మొదట చెప్పినట్టు రాక్‌స్టార్ లాంచర్‌లోనే ముందు వస్తే నీ డబ్బు స్టీమ్‌లో ఇరుక్కుపోతుంది. స్టీమ్ సేల్‌లో వేరే ఏదో కొనేస్తావు కూడా. బ్యాంకులోనే ఉంచు, లేకపోతే పోస్టాఫీసులో చిన్న ఆర్డీ కట్టు. స్టోర్ల పేర్లు ప్రకటించిన రోజు ఇక్కడే రాస్తాం, అప్పుడు చూసుకో.

#31 సీటీసీ_పక్కసందు

ఆర్డీ ఐడియా బాగుంది, కానీ పోస్టాఫీసుది ఐదేళ్లు. బ్యాంకులో ఏడాదికి పెట్టుకో తమ్ముడూ.

#32 గౌలిగూడ_గేమ్‌ప్యాడ్

థ్యాంక్స్ అన్నా. సోమవారం బ్యాంకుకి వెళ్తా. అప్పటిదాకా ఎపిక్‌లో ఫ్రీగా వచ్చిన జీటీఏ 5 ఉంది, ఆ తెలుగు ఆర్పీ సర్వర్లలో ఎలా చేరాలో ఎవరైనా చెప్పండి.

#33 రామంతాపూర్_రీలోడ్

నాకు మెసేజ్ పెట్టు. ముందు మైక్ సరిగ్గా ఉందో చూసుకో, చేరేటప్పుడు వాయిస్ ఇంటర్వ్యూ ఉంటుంది.